తిప్పని పడవ

నమ్మకపోతే మీ ఇష్టం. ఆ రాత్రి నేను మందు తాగలేదు. జ్వరం లేదు. నిద్రమత్తు అంతకన్నా కాదు. మీరు అడగబోయే మొదటి మూడు ప్రశ్నలూ ఇవేనని తెలుసు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇన్నేళ్ళలో ఇది ఇద్దరికే చెప్పాను. ఒకడు నవ్వాడు. రెండోది మా ఆవిడ... విన్నాక రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

తొంభైల చివరి మాట. బందరులో మా వీధి కుర్రాళ్ళం ఏడుగురం కలిసి ప్రతి ఏడూ క్రిస్మస్ నుంచి ఓ వారం పది రోజులు లైట్ల ప్రదర్శన పెట్టేవాళ్ళం. ఓ ఖాళీ స్థలం, వెదురు బొంగులు, సీరియల్ బల్బులు. నెమలి, ఏనుగు, లైట్‌హౌసు... అన్నీ మా చేతులతో కట్టినవే. ఎవరికీ జీతం లేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళు హుండీలో తోచింది వేస్తే అనాథ పిల్లల హాస్టలుకో, వృద్ధాశ్రమానికో ఇచ్చేవాళ్ళం. మంచి పిల్లలని ఊళ్ళో పేరు. ఆ పేరు మాకు బాగానే తలకెక్కింది.

ఆ ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. ఊరి పక్కనే ఉన్న గిలకలదిండి రేవు నుంచి వేటకెళ్ళిన ఓ పడవ తిరిగి రాలేదు. నలుగురు మనుషులు. ఈసారి డబ్బు ఆ నాలుగు కుటుంబాలకి ఇద్దామనుకున్నాం. ప్రదర్శనలో ఓ పడవ కూడా పెడదామన్నాను నేను. ఆలోచన నాదే... అది గుర్తుపెట్టుకోండి.

ఆ పడవ ఎలా నడిచేదో చెప్పాలి. మూడు పడవల బొమ్మలు పక్కపక్కన కట్టాం. వెనక ఓ చెక్క డ్రమ్ము, దాని చుట్టూ రాగి రేకులు. పాత టేబుల్ ఫ్యాను మోటారు దాన్ని తిప్పుతుంటే టక్... టక్... టక్... ఒకటి ఆరి ఇంకోటి వెలిగేది. దూరం నుంచి చూస్తే ఒకే పడవ కదులుతున్నట్టుండేది. ఎడమ చివర లైట్‌హౌసు, అంటే ఒడ్డు. కుడివైపంతా చీకటి. పడవ చీకట్లోంచి ఒడ్డుకు రావాలి. కానీ వైర్లు కలిపేటప్పుడు రాంబాబు మొదటిదీ మూడోదీ తారుమారు చేశాడు. రాంబాబంటే మాలో ఒకడే, రేడియోలు బాగుచేసేవాడు, మైకు కూడా వాడిదే. మొదటి రాత్రి స్విచ్చి వేస్తే పడవ లైట్‌హౌసు దగ్గర బయల్దేరి చీకట్లోకి పోతోంది. పడీ పడీ నవ్వాం. ఎవరు కనిపెడతార్లే అని వదిలేశాం.

నాంచారమ్మ కనిపెట్టింది.

గిలకలదిండి నుంచి వచ్చి మా వీధిలో చేపలమ్మేది ఆవిడ. తిరిగిరాని నలుగురిలో ఒకడు ఆవిడ భర్త. మిగతా ముగ్గురి ఇళ్ళల్లో కర్మలు చేసేశారు. ఈవిడ ఒప్పుకోలేదు. బొట్టు తీయలేదు, గాజులు తీయలేదు. మార్గశిర అమావాస్య దాకా చూద్దాం, అప్పటికీ రాకపోతే గాజులు తీయాల్సిందేనని వాళ్ళ పెద్దలు గడువు పెట్టారు. ఆ అమావాస్య మా ప్రదర్శన ఆఖరి రోజుకి మర్నాడే.

రెండో రాత్రి వచ్చి చాలాసేపు ఆ పడవనే చూసింది. తర్వాత నా దగ్గరికొచ్చింది.

"పడవ బయటికి పోతంది బాబూ. ఇటు తిప్పు. అమావాస్య లోపు అది ఒడ్డుకి రావాల."

రెండు వైర్లు. అటుది ఇటు, ఇటుది అటు. పది నిమిషాల పని. నాకు తెలుసు. కానీ నిచ్చెనెక్కాలి, డ్రమ్ము ఆపాలి... బద్ధకం. దాంతోపాటు ఇంకో బుద్ధి కూడా పుట్టింది. ఆఖరి రోజు తిప్పుతాలే, అప్పటిదాకా రోజూ వచ్చి హుండీ పక్కన నిలబడు అన్నాను. ఒప్పుకుంది. ఆ పడవలో పోయిన మనిషి భార్య ఈవిడేనని రాంబాబు మైకులో చెప్పడం మొదలెట్టాడు. జనం ఆవిణ్ణి చూసి చ్చొచ్చొచ్చొ అనుకుంటూ నోట్లు వేశారు. మూడు రోజుల్లో హుండీ నిండింది.

ఓ రాత్రి కాళ్ళు లాగుతున్నాయని కూర్చుంది. వెనకవాళ్ళకి కనబడవు, లేచి నిలబడు అన్నాను. నా నోటితోనే. ఇంకో రాత్రి ఆవిడ గాజుల చేతులు చూసి, జనం అనుమానపడతారు, చెంగు కప్పుకో అని కూడా అన్నాను. కప్పుకుంది. ఏమన్నా చేసేది... పడవ తిప్పుతానన్నానుగా.

ఆఖరి రాత్రి ఇసుక వేస్తే రాలనంత జనం. నాంచారమ్మ తలారా నీళ్ళు పోసుకుని, మంచి చీర కట్టుకుని వచ్చింది. తిప్పావా బాబూ అంది. నాకు విసుగొచ్చింది. తిప్పేశాం, చూడు అన్నాను. పడవ ఎప్పట్లాగే చీకట్లోకి పోతోంది. ఆవిడ చూసింది. చాలాసేపు చూసింది. అబద్ధం దొరికిపోయిందనుకున్నాను.

"అవును బాబూ... వస్తన్నాడు," అంది.

నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. రాంబాబు మైకు పక్కకి తిప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

జనం వెళ్ళాక, బల్బులు ఎవరూ ఎత్తుకుపోకుండా కాపలా నా వంతు. మిగతా ఆరుగురూ ఇళ్ళకి పోయారు. ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాను. లైట్‌హౌసు కింద మడతమంచం వేసుకుని దుప్పటి కప్పుకున్నాను. మంచు కురుస్తోంది. దోమలు. ఎక్కడో కుక్క అరిచి ఆగింది.

టక్...

ఏదో బొంగు చిట్లిందనుకున్నాను.

టక్... టక్...

ఆ చప్పుడు నాకు తెలుసు. పది రాత్రులు విన్నాను. డ్రమ్ము తిరుగుతోంది. జేబు తడుముకున్నాను. ఫ్యూజులు నా జేబులోనే ఉన్నాయి... చల్లగా.

దుప్పటి తీశాను. నెమలి చీకటి. ఏనుగు చీకటి. పడవ ఒక్కటే వెలుగుతోంది. కుడి చివరది. అది ఆరింది. మధ్యది వెలిగింది. అది ఆరింది. ఎడమది వెలిగింది.

అంటే... ఇటు వస్తోంది.

మోటారు రొద లేదు. ఆ టక్కుమనే చప్పుడొక్కటే. మళ్ళీ కుడిది, మధ్యది, ఎడమది. లేచి పరిగెత్తాలని ఉంది. మంచం దిగలేదు. మళ్ళీ కుడిది... మధ్యది... ఎడమది...

తర్వాత కుడిది వెలగాలి. వెలగలేదు.

నాలుగోది వెలిగింది.

నాలుగోది లేదండీ. మేం కట్టింది మూడే. ఎడమ పడవకీ లైట్‌హౌసుకీ మధ్య బొంగు లేదు, బల్బు లేదు. ఉన్నదల్లా నా మంచం. ఆ మంచం పక్కన, చేయి చాపితే అందేంత దూరంలో, పడవ ఆకారంలో వెలుతురు. నా దుప్పటి ఎర్రగా కనబడింది. తడి చెక్క వాసన... ఉప్పు వాసన... కుళ్ళిన వల వాసన.

పడవ తోసే గెడ కింద పెట్టిన చప్పుడైంది. మెల్లగా.

తర్వాత, ఎవరో దిగారు. చప్... చప్... బురదలో నడిచినట్టు. అక్కడ నేల ఎండిపోయి బీటలు వారి ఉంది. బురద లేదు. చప్... చప్... నా తల దగ్గరకొచ్చి ఆగింది. ముఖం మీద ఒకే ఒక్క నీటిచుక్క పడింది. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఎంతసేపో తెలీదు. తర్వాత ఆ అడుగులు గిలకలదిండి రోడ్డు వైపు వెళ్ళిపోయాయి. కళ్ళు తెరిచేసరికి అంతా చీకటి.

తెల్లారాక నిచ్చెనెక్కి చూశాను. వైర్లు రాంబాబు కట్టినట్టే ఉన్నాయి, తప్పుగా. నేల తడిగా ఉంది. మంచుకి తడిసి ఉండొచ్చు... మీరు అనేముందే నేను అంటున్నాను.

పదింటికి గిలకలదిండి నుంచి కబురొచ్చింది. ఏడుగురం వెళ్ళాం. నాంచారమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. గాజులు తీయనివ్వడం లేదట. పడవ ఒడ్డుకొచ్చింది, కావాలంటే ఆ బాబునే అడగండి అంటోందట. వాళ్ళ పెద్దాయన నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీ మాట మీద ఉందండి బాబుగారూ. ఒడ్డుకొచ్చిందంటే ఇంకొన్నాళ్ళు ఆగుతాం. ఆ పడవ తిప్పారా?"

నా వెనక ఆరుగురు. రాంబాబు దగ్గుతున్నట్టు నవ్వు ఆపుకుంటున్నాడు. రాత్రి సంగతి చెబితే వీళ్ళు బతికినన్నాళ్ళూ నన్ను ఆటపట్టిస్తారు. తిప్పాననొచ్చు. లేదా చూసింది చూసినట్టు చెప్పొచ్చు. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది.

"తిప్పలేదండి," అన్నాను.

అబద్ధం కాదుగా.

ఇద్దరు ఆడవాళ్ళు ఆవిడ చేతులు బలవంతంగా లాగారు. గడప మీద పెట్టి రాయితో కొట్టారు. టక్... టక్... టక్... అదే చప్పుడు. నాంచారమ్మ ఏడవలేదు. అంతా అయ్యాక, ఖాళీ చేతులతోనే నా దగ్గరికొచ్చి ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నువ్వు తిప్పలేదు, సరే. మరి రాత్రి నీ మంచం పక్కన దిగిందెవరు బాబూ?"

అప్పటికి ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. అక్కడ మంచం వేసుకున్నానని కూడా ఆవిడకి తెలిసే దారి లేదు.

అది ఆవిడ భర్తో, నా భయమో... ఇప్పటికీ తెలీదు. మా ఆవిడ మాత్రం ఒక్కటే అడిగింది. ఆ పూట నువ్వు చూసింది చెప్పి ఉంటే ఆ పెద్దలు ఆగేవాళ్ళా అని. ఆగేవాళ్ళే. కనీసం ఇంకో అమావాస్య దాకా ఆగేవాళ్ళు. నేను చెప్పలేదు.