పోచంపల్లిలో ఆసు చూసిన పూట

చిన్నప్పుడు ఇంట్లో కుదురుగా ఉండకపోతే మా అమ్మ "ఏందిరా, ఆసుల కండె తీరుగ తిరుగుతవ్!" అని కసిరేది. నాకు తెలిసిన ఆసు పేకముక్కల్లోదే. అది యూరప్ నుంచి వచ్చింది. అమ్మ అన్నది నేతవాళ్ల ఆసు, అచ్చ తెలుగు; కండె అంటే దారం చుట్టిన గొట్టం. దాదాపు ఇదే పలుకుకు జపానులో 'రేపు' అని, జావాలో 'కుక్క' అని అర్థమట! ఒకదానికొకటి చుట్టరికమే లేదు. మాటల పిచ్చి ఉన్నవాణ్ణి, ఊరుకుంటానా? మన ఆసునైనా కళ్లారా చూద్దామని బయల్దేరాను.

పొద్దున ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కి తొమ్మిది కాకముందే పోచంపల్లిలో దిగాను. టికెట్టు వంద లోపే. ఇడ్లీ బండి ఆయన్ను అడిగితే "గా నీలం తలుపుల ఇంట్ల భారతక్క ఆసు పోస్తాంది, పోండ్రి" అని చూపించాడు.

గోడకు ఆనించిన చట్రం, దానికి అర్ధచంద్రంలా మేకులు. యాభై దాటిన భారతమ్మ చెయ్యి అటూ ఇటూ ఆడిస్తూ వాటికి పట్టుదారం చుడుతోంది; ఆసు పోయడమంటే ఇదే. నేను చూస్తుండగానే భుజం పట్టుకుని "అబ్బా" అంటూ కూలబడింది.

మగ్గం గుంటలోంచి ఆమె భర్త యాదయ్య లేచి వచ్చాడు. "దవాఖానల ఇగ ఆసు పొయ్యొద్దన్నరు సార్. ఇన్నేండ్లు ఊరోళ్ల చీరెలకే పోసింది. గిదొక్కటి ఆమె కట్టుకునేతందుకు."

"పక్కింటివాళ్లు పూర్తి చెయ్యకూడదా?" ఉండబట్టలేక అడిగాను.

"చెయ్యి మారితే బిగువు మారుతది, డిజైన్ చెడుతది," అంది భారతమ్మ కళ్లు తుడుచుకుంటూ.

యాదయ్య ఆమె వెనక నిలబడి మోచేతి కింద తన అరచెయ్యి పెట్టాడు. "బరువు నామీద ఎయ్యి. దారం నువ్వే నడుపు."

"జర మెల్లగ! బండి తోల్తున్నవా?" అని ఆమె కసిరింది. తర్వాత లయ కుదిరింది. మధ్యాహ్నానికి ఆసు పూర్తయింది. నన్ను కూడా అన్నానికి కూర్చోబెట్టారు. యాదయ్య ముద్ద ఎత్తబోయి, చెయ్యి లేవక ఆగిపోయాడు.

"నీకు ఇన్నేండ్ల సంది గింత నొస్తాందా? ఎన్నడు చెప్పకపోతివి."

"నువ్వెన్నడు అడగకపోతివి," అంది భారతమ్మ, పప్పు వడ్డిస్తూ.

మాట కోసం వెళ్లిన ముక్కూమొహం తెలియనివాణ్ణి గడప దాటనిచ్చి, ఇంత మనసున్న పూట చూడనిచ్చినందుకు ఆ ఇద్దరికీ దండం పెట్టి వచ్చాను. మీరూ వెళ్తే పొద్దున్నే వెళ్లండి. ఆసు పోస్తుండగా పలకరించకండి. చెయ్యి ఆగాక మాత్రం, డిజైన్ సంగతికన్నా ముందు, "భుజం నొస్తాందా అమ్మా?" అని అడగండి.