పాతది తెచ్చినవా?

నతానియేలు కాకను దొంగ అన్నవాడు ఉపేందర్. పోయిన సొత్తు కొన్ని విరిగిన గొడ్డళ్లు, అవి కూడా ఫోన్ గేములోవి. అయినా అంత మాట అనేసి స్టోర్ తాళంచెవి లాక్కున్నాడు. అంతటికీ మూలం కాకకున్న ఒకే ఒక్క జబ్బు: పాత వస్తువు చేతిలో పెట్టనిదే కొత్తది ఇవ్వడు.

ఆ జబ్బు ఆయనకు బొగ్గుబాయిలో అంటింది. ఉద్యోగమంతా బాయి స్టోర్‌లోనే చేశాడు. అరిగిన బూట్లు తెస్తేనే కొత్త బూట్లు, పగిలిన హెల్మెట్ తెస్తేనే కొత్త హెల్మెట్. రిటైరయ్యాక చీపురు కొనమన్నా "పాతది ఏది?" అనేవాడు. ఆయన భార్య సువార్త చిన్నమ్మ తల కొట్టుకునేది.

"గీ మనిషి ఇంకో పెండ్లి గూడ చేసుకోలేడు. పాత పెండ్లాన్ని ఏడ జమ చెయ్యాలె?"

ఊసుపోక కాక మా గేములో చేరాడు. అందులో లోకం అంతమైపోయి ఉంటుంది. మిగిలినవాళ్లు శిథిలాల్లో ఇనుము, చెక్క, తీగలు ఏరుకొచ్చి గుట్ట మీద ఊరు కట్టుకోవాలి. ఎటు చూసినా బూడిద, మట్టిగుట్టలు, కిటికీల్లేని ఇళ్లు. గోదావరిఖనిలో పెరిగిన మాకు పెద్ద తేడా తెలియలేదు. అక్కడ కనీసం పనుంది.

ఊరు మొదలుపెట్టింది ఉపేందర్ కాబట్టి పెత్తనం వాడిది. ఏరుకొచ్చిన సామాను చూసుకోమని కాకకు స్టోర్ అప్పజెప్పాడు. ఆ రోజుతో మా సుఖం ముగిసింది.

"కాకా, గొడ్డలి ఇరిగింది. జల్ది ఇంకోటియ్యి, తోడేళ్లు ఎంటబడ్డయి!" అని మైకులో అరిచాను.

"పాతది తెచ్చినవా?"

"అడవిల పడేసి ఉరికొచ్చిన."

"పోయి తే."

"ఆడ తోడేళ్లున్నయే!"

"తోడేళ్లు గొడ్డలి తినయి బిడ్డా. ఆడనే ఉంటది."

వెళ్లాను. గొడ్డలిని తినలేదు, నన్ను తిన్నాయి. మళ్లీ ప్రాణం పోసుకుని, కాళ్లీడ్చుకుంటూ గుట్టెక్కి, విరిగిన ముక్క చేతిలో పెట్టాను. కాక దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది నీదేనా?"

ఇంకోసారి దోపిడీ ముఠా గేటు బద్దలు కొడుతుంటే మేకులు అడిగాం. "వంకరపోయినయి ఏవి?" అన్నాడు. ఊరు సగం కాలిపోయింది. స్టోర్ మాత్రం నిక్షేపంలా మిగిలింది.

గోడకు ఇనుము చాలక, పాత గొడ్డళ్లు కరిగిద్దామని ఉపేందర్ స్టోర్‌లో కాక వాటిని జమచేసే పెట్టె తెరిచాడు. ఖాళీ.

"గిన్ని దినాల గొడ్డళ్లు ఏడబోయినయే?"

"ఉండాల్సిన కాడ ఉన్నయ్."

"ఎవనికన్న అమ్ముకున్నవా? దొంగ ముసలోడా!"

ఉపేందర్ తాళంచెవి లాక్కుని తోడేళ్ల అడవిలోకి విసిరేశాడు. స్టోర్ తలుపులు బార్లా తీసిపెట్టాడు. కాక గేములోకి రావడం మానేశాడు. స్టోర్‌లో మాకు అందినవాడికి అందినంత. కొన్నాళ్లకే అక్కడ మేకు కూడా మిగల్లేదు.

అప్పుడు, ఈమధ్యే చేరిన కమాన్‌పూర్ పిల్ల క్రిస్టినా అడిగింది.

"అన్నా, గేటు బయటి పెట్టెల గొడ్డళ్లు ఎవరు పెడ్తుండె? ఇప్పుడెవరు పెడ్తలేరు. కొత్తోళ్లు వట్టి చేతులతోని తిరుగుతున్నరు."

"ఏం పెట్టె?" అన్నాడు ఉపేందర్.

"నేనొచ్చినప్పుడు నాకు ఆ పెట్టెలనే దొరికె. అతుకులేసిన గొడ్డలి. మూత మీద రాసుండె, 'పాతదే. పనిచేస్తది. తీస్కో' అని."



ఉపేందర్ కాక ఇంటికెళ్లి బతిమాలి గేములోకి తీసుకొచ్చాడు.

"తప్పయింది కాకా. గిదో, కొత్త తాళంచెవి చేసిన."

"పాతది తెచ్చినవా?"

వాడు అడవికి వెళ్లాడు. వాణ్నీ తిన్నాయి. మేమెవరం అడ్డం పోలేదు.

ఈ ఎండాకాలం నాకు ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో మట్టి తోడే ఒక కాంట్రాక్టరు దగ్గర పని దొరికింది. దొరికిందంటే, సోమవారం సేఫ్టీ బూట్లతో వస్తే దొరికినట్టు, లేకుంటే లేనట్టు. నాకున్నవి పిన్నీసు పెట్టిన చెప్పులు. అడగాల్సిన వాళ్లందర్నీ అడిగి విసిగిపోయాను. ఆ విసుగంతా గేములో ఉపేందర్ మీద వెళ్లగక్కుతుంటే కాక విన్నట్టున్నాడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, తెల్లబట్టల్లోనే, చంకలో అట్టపెట్టెతో మా ఇంటికొచ్చాడు. లోపల బూట్లు. రిటైరయ్యే ముందు పాతవి జమచేసి తీసుకున్నవట. ఒక్కసారి కూడా తొడగలేదు.

"జర పెద్దగైతయేమో. ముందల కాగితం కుక్కు."

తొడుక్కుని నిలబడ్డాను.

"నా దగ్గర పాతవి లేవు కాకా," అన్నాను.

కాక పిన్నీసు చెప్పుల వైపు చూశాడు. వాటిని లెక్కలోకి తీసుకోవచ్చా అని కాసేపు నిజంగానే ఆలోచించాడు. తల అడ్డంగా ఊపాడు. ఆ తర్వాత షిఫ్టులు కుదరక ఆయన్ని మళ్లీ కలవలేదు. ఆ రోజు గడప దాటుతూ అన్నది మాత్రం ఇది:

"ఫికర్ జెయ్యకు. గివ్వే పాతగయినంక పట్కరా. ఇంకోనితోని పంపితె తీస్కోను, నువ్వే రావాలె."