మూడో పిలుపు

దయ్యాలను నేను నమ్మను. చింతచెట్టు కింద తెల్లచీర కనబడిందని మా వాడలో ఎవరైనా వణికితే, "ఎవరో ఉతికి ఆరేసుంటారు, పోయి మడతపెట్టు" అనే రకం నేను. ప్రార్థనలో దర్శనాలు చూశామనేవాళ్లతోనూ నాకు పేచీయే. అయినా ఒక్క సంగతి మాత్రం ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది దేవరకొండ వైపు, డిండి వాగుకు దగ్గర్లో ఒక పల్లె. అప్పట్లో నందికొండ దగ్గర డ్యాం పని నడుస్తోంది. మా వాడలో ఒంట్లో సత్తువ ఉన్న మగవాళ్లంతా అక్కడికే కూలికి పోయారు. మా బాపు పోలేదు. ఆయనది బావులు తవ్వే పని. కింద ఆయన తవ్వి తట్ట నింపితే, పైన అమ్మ తాడుతో లాగేది.

అమ్మకు రెండు పేర్లు. ఊరందరికీ ఎల్లమ్మ. బాప్తిస్మంలో పెట్టిన పేరు మార్త. ఆ పేరుతో పిలిచేది బాపు ఒక్కడే, అదీ ఎక్కువగా బావి అడుగునుంచి. "ఓ మార్తా!" అన్నాడంటే తట్ట నిండినట్టు, లేదా ఏదో ముప్పు వచ్చినట్టు. పిలిచీ పిలవకముందే "ఆ" అని పలకాలి. బావి పనిలో ఆలస్యంగా పలికితే కిందున్నవాడి ప్రాణం మీదికి వస్తుంది.

బాపు తల్లి, మా అవ్వ, బాప్తిస్మం తీసుకోలేదు. ఆమె లెక్క వేరు. మనిషి కనబడకుండా పిలుపు వినబడితే మూడోసారి దాకా పలకకూడదు. గాలీ ధూళీ రెండుసార్లే పిలుస్తుందట. మూడోసారి పిలిచేది మనవాళ్లేనట.

ఆ ఎండాకాలం బాపు ఒకరోజు ఎప్పటిలాగే ప్రార్థన చేసుకొని బావిలోకి దిగాడు. ఒడ్డు విరిగి మీద పడింది. "ఓ మార్తా" అన్న కేక వచ్చింది. అమ్మ పలికింది. తాడు మాత్రం వట్టిగా పైకి వచ్చింది.

బాపును వెలికితీసి సంఘం బొందలగడ్డలో పూడ్చారు. ఆనాటినుంచి అమ్మ ప్రార్థనకు పోవడం మానేసింది. సంఘం బోధకుడు ఓదార్చబోతే మొహం మీదే అడిగింది.

"మొక్కి దిగినోన్ని మన్ను మింగింది. ఇగ ఎవనికి మొక్కాలె అయ్యగారూ?"

అమ్మ అన్నం ముందు అలవాటుగా కళ్లు మూసుకొనేది గాని పెదవులు కదిలేవి కావు. నాకప్పుడు పదేళ్లుంటాయేమో. బాపు పోయాడన్న దుఃఖం ఒక ఎత్తు, అమ్మ ఇట్లాగే మూగదైపోతుందేమోనన్న భయం ఒక ఎత్తు.

ఆ వానాకాలమే ముసురు పట్టింది. ఎంతకీ విడవలేదు. వాగు పొంగి చేలన్నీ ముంచింది. వాడలో మట్టిగోడలు నాని ఒక్కొక్కటే కూలుతున్నాయి. మన ఇంటికేం కాదని అవ్వ ధీమా. ఆ గోడలు పెట్టింది ఆమె మొగుడు మరి!

పట్టపగలే జరిగింది. అమ్మ తడికట్టెలతో పొయ్యి ఊదుతోంది. నేను ఇల్లు కారేచోటల్లా గిన్నెలు పెడుతున్నాను.

"ఓ మార్తా!"

బాపు గొంతు. వాకిట్లోంచి వచ్చినట్టు లేదు, ఎక్కడో కిందినుంచి వచ్చినట్టుంది. అమ్మ లేచి నిలబడింది. అవ్వ పోయి తలుపుకు అడ్డం నిలబడింది.

"పలుకకు పిల్లా. నోరు మూస్కో."

"అత్తా, గది ఆయన గొంతు."

"నా కొడుకు గొంతు నాకెరుక లేదా? వాని గొంతే. గందుకే పలుకొద్దంటున్న."

అంతలో రెండోసారి వినబడింది. ఈసారి పిలుపులో తొందర ఉంది.

"ఆ!" అని అమ్మ ఇల్లు దద్దరిల్లేలా పలికింది. అవ్వను పక్కకు నెట్టి తలుపు తీసింది. నా ఒక చెయ్యి అమ్మ పట్టింది, ఇంకో చెయ్యి అవ్వ పట్టింది. ఇద్దరూ గుంజారు. నేను ఏడుపు లంకించుకున్నాను. బావితాడు లాగిన చేతులు కదా, అమ్మే గెలిచింది.

వాకిట్లో వాన తప్ప ఎవరూ లేరు.

"చూస్తివా? ఎవ్వలు లేరు. పోరి తడుస్తాంది, లోపటికి రాండ్రి!" అవ్వ లోపలినుంచి అరిచింది. అమ్మ బాటదాకా పోయి అటూ ఇటూ చూసి, మొహం వేలాడేసుకొని వెనక్కి తిరిగింది. నిజం చెబుతున్నాను, మేము ఇంట్లోకి పోవడానికే అడుగు వేశాం. అప్పుడే ఇల్లు కూలిపోయింది. తడిమట్టి కదా, పెద్దగా చప్పుడు కూడా కాలేదు.

చుట్టుపక్కలవాళ్లు వచ్చి మన్ను తీశారు. అవ్వ గుమ్మంలో దొరికింది. ఒక కాలు గడప దాటి ఉంది. తలమీద గొంగడి ఉంది. ఇంట్లో ఉన్నంతసేపు ఆ గొంగడి చిలక్కొయ్యకే వేలాడేది. వానలో బయటికి పోయేటప్పుడే అవ్వ దాన్ని కప్పుకొనేది.

బాప్తిస్మం లేని మనిషికి సంఘం బొందలగడ్డలో జాగా ఎట్లా ఇస్తామని పెద్దలు వెనుకాడారు. అమ్మ కొంగు నడుముకు చుట్టింది. "కొడుకు పిలిస్తె బయలెల్లిన మనిషి. కొడుకు పక్కకే పెట్టాలె. మీతోని కాకుంటె నేనే తవ్వుత, నాకు తవ్వుడు రాదా?" అంది. పెద్దలు బాపు పక్కనే జాగా చూపించారు.

ఆదివారం అమ్మ ప్రార్థనకు వచ్చి చాపమీద కూర్చుంది. బోధకుడు సంబరపడి సాక్ష్యం చెప్పమన్నాడు. దేవుడు కాపాడిండు అంటుందని అందరూ ఎదురుచూశారు.

"ప్రభువా, నా మొగన్ని తీస్కపోయినవ్. అత్తను తీస్కపోయినవ్. ఎందుకో నాకెరుక లేదు. నువ్వు పిలిస్తె మాత్రం పలుకుత," అని కూర్చుంది. ఆమేన్ అనడం కూడా ఎవరికీ గుర్తు రాలేదు. చనిపోయేదాకా అమ్మ మళ్లీ ప్రార్థన మానలేదు.

నానిన గోడ విరిగేముందు మూలుగుతుందని కొందరన్నారు. సరే, మూలుగుతుందనుకుందాం. "మార్తా" అని మూలుగుతుందా? అమ్మ మనసులోని మాటే అమ్మకు వినబడిందంటారా, మరి నాకెట్లా వినబడింది? అవ్వకెట్లా వినబడింది?

ముసలితనంలో, ముసురు పట్టినప్పుడల్లా అమ్మ నన్ను అడిగేది.

"బిడ్డా, మనకు రెండుసార్లే ఇనబడ్డది గదా?"

"రెండుసార్లేనే అమ్మా."

"మీ అవ్వ మొండిది. మూడోది ఇనకుంట గడప దాటదు."