నాయిన నమ్మని కొలత

మొన్న మేడ్చల్ రోడ్డు మీద ఒక లేత్ వర్క్‌షాపు ముందు బండి ఆపితే, వేడెక్కిన ఇనుము మీద పడ్డ నూనె వాసన గుప్పున తగిలి, ఇద్దరు పిల్లల తల్లినైన నేను ఉన్నపళంగా ఏడేళ్ల పిల్లనైపోయాను. అది మా నాయిన చొక్కా వాసన. గౌడవెల్లి నుంచి రోజూ ఫ్యాక్టరీకి పోయి ఇనుప ముక్కలకు రంధ్రాలు తొలిచే టర్నర్ ఆయన. తొలిచిన ప్రతి రంధ్రాన్నీ నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అనుమానంగా ఇంకోసారి కొలిచేవాడు. నాయిన తల్లి, మా అవ్వ, చుట్టిన సకినాలను కూడా ఆ కంటితోనే చూసి తిట్లు తినేవాడు.

అలాంటి మనిషి బిడ్డ గుండె గోడకు పుట్టుకతోనే చిల్లు. ఏటేటా గుండెకు ఎకో స్కాన్ తీసి చూద్దామనీ, తగ్గకపోతే ఆపరేషన్ తప్పదనీ పట్నంలో డాక్టరమ్మ చెప్పింది. ఇక అప్పటినుంచి వానలు వెలిశాక తూనీగల వెంట పరుగులూ, బతుకమ్మ నాటి సద్దుల ప్రసాదం కోసం తోపులాటలూ, వాకిట్లో తొక్కుడుబిళ్లా, అన్నీ నేను అరుగు మీద కూర్చుని చూడవలసినవే. లేస్తే అవ్వ కేక. నాకు ఆ చిల్లు మీద పట్టరాని కోపం.

నాకు ఏడేళ్లప్పుడు దసరా సెలవుల్లో మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. నా ఛాతీకి చల్లటి జిగురు పూసి డాక్టరమ్మ పరికరం తిప్పుతుంటే, తెర మీద నా గుండె బూడిదరంగులో కొట్టుకుంటోంది.

"పోయినసారి ఐదు మిల్లీమీటర్లండీ, ఇప్పుడు రెండే. ఆపరేషన్ అక్కర్లేదు."

ఎగిరి గంతేయాల్సిన నాయిన ముఖం మాడ్చుకున్నాడు.

"గట్లెట్లయితది మేడం? సిల్లు అరిగితే పెద్దగైతది గని చిన్నగైతదా? జర అడ్డం తిప్పి మల్లొక్కపారి కొల్వుండ్రి."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరమ్మ మాత్రం విసుక్కోకుండా వేర్వేరు వైపుల నుంచి మూడుసార్లు కొలిచింది. ప్రతిసారీ నాయిన మెడ చాచి అంకె చదివాడు. రెండు, రెండు, రెండుకు లోపే.

"ఇనుము పెరగదండీ, కండ పెరుగుతుంది. చుట్టూ పెరిగి అదే మూసుకుంటోంది," అందామె.

నాయిన అప్పుడు ఏడ్చాడు. పనితనం తెలిసిన ఇద్దరు మనుషులు ఆ పూట నా గుండె దగ్గర కలిశారని నాకు ఇప్పటికీ గర్వమే.

ఇప్పుడా ఫ్యాక్టరీ లేదు, దాని చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. తొక్కుడుబిళ్ల గీసుకునే మట్టి వాకిళ్లు సిమెంటు కిందికి పోయాయి. ఆ దసరాకు మరుసటి ఏటి ఎకోలోనే నా చిల్లూ కనబడకుండా పోయింది. రిటైరైన నాయిన మాత్రం పాత తోటి పనివాళ్లు ఎవరు ఎదురైనా నన్ను ముందుకు తోస్తాడు.

"ముప్పయ్యేండ్లు సిల్లులు తీసిన. దానంతటదే పూడింది మా బిడ్డదొక్కటే."