డ్రైవరు గారి కలలు

బట్టల దుకాణం వెనకగదిలో కూర్చుని ప్యాంట్లు, లంగాలు పొడవు తగ్గించి కుట్టే ఆవిడకు రెండేళ్లుగా కంటినిండా నిద్ర లేదు. మొగుడు నిద్రలో కాళ్లూ చేతులూ విసురుతాడు, ఆ దెబ్బలు పక్కనున్న ఆవిడకు తగులుతాయి. తెల్లారాక కాఫీ తాగుతూ తీరిగ్గా కల చెబుతాడు. కుక్క తరిమిందంటాడు, ఏట్లో కొట్టుకుపోయానంటాడు. ఒకరోజు పై అధికారిని చితకబాదానన్నాడు. అది విని ఆవిడ పడీపడీ నవ్వింది. పాడు కలలే కదా అని సరిపెట్టుకుంది. ఆయన నడిపేది బడి బస్సు. ఇంకేదైనా జబ్బని తేలితే స్టీరింగు ముట్టుకోనివ్వరు.

చివరికి ఒంట్లో ఓపిక చచ్చిపోయి, ఫోనులో మూడు వీడియోలు తీసి, ఆయన్ను డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"కలలో చేసేదే మంచం మీద చేసేవాళ్లు రోజుకో రకంగా కదులుతారమ్మా. ఫిట్స్ మాత్రం చాలావరకు ప్రతిసారీ ఒకేలా వస్తాయి. మీరే చూడండి" అంది డాక్టరమ్మ.

నిద్రకళ్లతో చూడటమే గాని, మూడు వీడియోలూ వరసగా పెట్టుకుని ఆవిడ ఏనాడూ చూడలేదు. ఇప్పుడు చూస్తే, మూడింట్లోనూ ఆయన ఎడమచెయ్యి మడతపడి లేస్తోంది. తల అటే తిరుగుతోంది. కాళ్లు సైకిలు తొక్కుతున్నాయి. అర నిమిషంలో అంతా సద్దుమణుగుతోంది. మూడూ ఒకే కొలతకు కత్తిరించిన చొక్కాల్లా ఉన్నాయి.

"కుక్క తరిమిన రోజూ ఇదే, ఏట్లో పడ్డ రోజూ ఇదేనా?" అంది మొగుడితో.

ఆయన నేలచూపులు చూశాడు. "నాకే కలా రాదు. లేచాక ఏమీ గుర్తుండదు. మొదటిసారి నువ్వు ఏడుస్తుంటే చూడలేక ఏదో అల్లాను. తర్వాత బస్సు పోతుందని భయమేసింది."

ఆవిడకు ఒళ్లు మండింది. తగిలిన దెబ్బలు సరే, అంత అలసటలోనూ ఆ కట్టుకథలకు నవ్వినందుకు ప్రాణం ఉసూరుమంది.

"ఒక రాత్రి తలకు తీగలు పెట్టి పరీక్ష చేస్తేగాని ఖాయంగా చెప్పలేను. అందాకా బండి నడపొద్దు" అంది డాక్టరమ్మ.

"పగలు ఒక్కసారీ రాలేదని చెప్పవే!" అన్నాడాయన.

"పగలు రాలేదు. ఇక ముందు రాదని నేను చెప్పలేను. అందులో పిల్లలుంటారండీ" అంది ఆవిడ.

ఇద్దరూ మెట్లు దిగారు. కింద మెట్టు మీద ఆయన కూలబడ్డాడు.

"రేప్పొద్దున నీకేం చెప్పను?"

"గుర్తులేదని చెప్పండి" అంటూ ఆవిడ పక్కన కూర్చుంది. "అదే వింటాను."