ఐదో నెంబరు సైకిల్

రోజూ పొద్దున దుకాణం షట్టర్ ఎత్తే ముందు భూపాల్ చేసే పని ఒకటుంది. మెట్ల కింద గొలుసు వేసి నిలబెట్టిన నల్ల సైకిల్ దగ్గరికి వెళ్తాడు. ఎవరూ చూడటం లేదు కదా అని అటూ ఇటూ చూసుకుని వెనక టైరును బొటనవేలితో నొక్కుతాడు. గట్టిగా ఉంటే మొహం ముడుచుకుంటాడు. కాస్త మెత్తబడిందా, ఆ పూట చాయ్ అతనికి మరింత తియ్యగా ఉంటుంది. సైకిల్ అతనిది కాదు. పై అంతస్తులో ఉండే వామన్‌రావుది.

నాంపల్లి స్టేషన్ రోడ్డు నుంచి ఆబిడ్స్ వైపు మళ్ళే సందులో పాత మేడ అది. కింద భూపాల్ జిరాక్స్ దుకాణం. భార్య చంద్రిక పక్కనే స్టూలు మీద కూచుని స్పైరల్ బైండింగ్ చేస్తుంది. వామన్‌రావు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. ఆయన తండ్రి యాభై ఆరులో ఉద్యోగం వెంట తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి.

రెండేళ్ళ కిందట ఒక గురువారం వామన్‌రావు జుమ్మేరాత్ బజార్ పాత సామాన్ల సంత నుంచి ఆటోలో ఒక సైకిల్ తెచ్చి దింపించాడు. దాన్ని సైకిల్ అనడానికి ధైర్యం కావాలి. టైర్లు లేవు, చైను లేదు, తుప్పు మాత్రం కావలసినంత ఉంది.

"ఏంది సార్, గింత చదువుకుని తుక్కు కొనుక్కొచ్చిన్రు?" అంది చంద్రిక.

"తుప్పు పైపైనే అమ్మా, లోపల ఇనుము రాయిలా ఉంది. చూస్తూ ఉండు, దీని మీదే ఆదివారం ఆబిడ్స్‌లో పుస్తకాలకి వెళ్తాను."

భూపాల్ కూడా ఆ రోజు కడుపారా నవ్వాడు. ఆ నవ్వు వారం నిలిచింది.

వామన్‌రావు రోజూ సాయంత్రం మెట్ల కింద పాత పేపర్లు పరుచుకుని కూచునేవాడు. కిరసనాయిల్లో బోల్టులు నానబెట్టేవాడు, ఎమరీ పేపర్‌తో రుద్దేవాడు, ఇత్తడి బెల్లును చింతపండుతో తోమేవాడు. ఒకరోజు ఫ్రేమును తలకిందులు చేస్తూ, "భూపాల్ గారూ, ఒక్క చెయ్యి వేస్తారా?" అన్నాడు. భూపాల్ వెళ్ళి పట్టుకున్నాడు. పెడళ్ళ ఇరుసు దిగే గొట్టం కింద అతని వేలికి ఏదో తగిలింది. మూడు చుక్కలు. వాటి పక్కన ఐదు గీతలు.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

భూపాల్ తండ్రి భూమయ్య సిద్దిపేట దిక్కు పల్లె నుంచి కూలికి వచ్చి, స్టేషన్ ఎదురుగా కిరాయి సైకిళ్ళ దుకాణం పెట్టాడు. గంటకింత అని తీసుకుపోయిన వాళ్ళలో దొంగలుండేవారు. మంచి సీటు పీకి తమ పాత సీటు తగిలించి, ఏమీ ఎరగనట్టు తెచ్చి ఇచ్చేవారు. అందుకని భూమయ్య ప్రతి సైకిల్‌కీ కనపడని చోట ఉలితో గుర్తులు కొట్టేవాడు. మూడు చుక్కలు దుకాణం గుర్తు. ఆయనకు చదువు రాదు గనక నెంబరు కోసం గీతలు. సీటు పైపుకి మాత్రం ఫ్రేముతో కలిపి అడ్డంగా రంధ్రం చేసి మొల దిగగొట్టి, రెండు వైపులా అరగదీసి పైన రంగు పూసేవాడు. ఆ మొల సంగతి ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

భూమయ్య చనిపోయిన ఏడాదే భూపాల్ సైకిళ్ళన్నీ తూకానికి అమ్మేసి మొదటి జిరాక్స్ మిషన్ తెచ్చాడు. అప్పుడు అతనికి చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

ఇప్పుడు కుట్టింది. చీమ కాదు, తేలు.

రెండు రోజులు ఆగి, మూడో రోజు నోరు తెరిచాడు. "సార్, మీకెందుకు గీ కష్టం? నాకిచ్చేయుర్రి, నేను చేపిచ్చుకుంటా."

"భలేవారే! ఇప్పుడిప్పుడే దీనికి ప్రాణం వస్తుంటే ఇచ్చేయమంటారా?" అని వామన్‌రావు నవ్వాడు.

అప్పుడైనా మా నాయనదని చెప్పొచ్చు. చెబితే, మరి ఎందుకు అమ్మావని అడుగుతాడు. భూపాల్ నోరు మూసుకున్నాడు. మన ఇంటి పుల్లకూరే పొరుగింటికి పోయి, అక్కడ తాలింపు పడి వాడంతా ఘుమఘుమలాడితే ఎట్లా ఉంటుందో అతనికి ఆ నెలలో తెలిసింది. జిరాక్స్ కోసం వచ్చిన ప్రతివాడూ ఆధార్ కార్డు చేతిలో పెట్టి, "అన్నా, ఎవరిది గా సైకిల్? మస్తుగ చేస్తున్నరు" అనేవాడు. పెద్దాయన ఓపికను మెచ్చుకునేవాడు. భూపాల్ కార్డు తిప్పి పెట్టడం మరిచి ఒకే వైపు రెండుసార్లు అచ్చు తీసేవాడు.

"గా సైకిల్‌ని గట్ల చూస్తవేంది, పెండ్లిచూపుల పిల్లను చూసినట్టు?" అంది చంద్రిక.

"నీ పని నువ్వు చూస్కో."

అతనికి ఒక్కటే ఊరట. సీటు పైపు ఊడి రావడం లేదు. వామన్‌రావు నూనె పోశాడు, వేడినీళ్ళు పోశాడు, సుత్తితో కొట్టాడు, పైపును పట్టుకుని వేలాడినంత పని చేశాడు. అది కదల్లేదు. సాయంత్రం ఆ ఠంగు ఠంగు వినిపిస్తుంటే భూపాల్‌కి మంగళవాద్యం విన్నట్టుండేది. కొట్టుకో, ఎంత కొట్టుకున్నా మా నాయన మొల నీకు లొంగదు అనుకునేవాడు. మూడు వారాలు అట్లా గడిచాయి. ఆ మూడు వారాలూ సైకిల్ సగం అతనిదే.

ఒక ఆదివారం పొద్దున, జిరాక్స్ మిషన్ బాగుచేయించుకుందామని భూపాల్ దుకాణానికి వచ్చాడు. మెట్ల కింద వెల్డింగ్ పవన్‌కుమార్ కటింగ్ మిషన్ పట్టుకుని కూచున్నాడు.

"ఏందిది?" అన్నాడు భూపాల్.

"పైపు వస్తలేదంట అన్నా. గీడికి కోసేసి కొత్త గొట్టం అతికిస్త."

"ఇంకేం చేస్తామండీ," అన్నాడు వామన్‌రావు. ఆయన అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "నావల్ల కాలేదు."

ఓడిపోయాడు. భూపాల్ ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే. దుకాణంలోకి వెళ్ళి లైటు స్విచ్ వేశాడు. బయట కటింగ్ మిషన్ గుయ్యిమంది. అతను ఒక్క ఉదుటున బయటికి దూకాడు.

"ఆపురా! ఆపు! మా నాయన సైకిల్‌ని కోస్తవా?"

పవన్‌కుమార్ మిషన్ ఆపాడు. భూపాల్ వాడి సంచిలోంచి సుత్తి, సన్న ఉలి లాక్కుని, సీటు కింద రెండు వేళ్ళ దూరంలో గోటితో తుప్పు గీకాడు. మొల తల బయటపడింది. నాలుగు దెబ్బలకు అవతలి వైపు నుంచి మొల జారి పేపరు మీద పడింది. పైపు పట్టి తిప్పితే కిర్రుమని పైకొచ్చింది.

వామన్‌రావు మొలను తీసుకుని చూశాడు. "మీకెలా తెలుసు?"

"మా నాయన కొట్టింది సార్. ఐదో నెంబరు. కింద గీతలున్నయి, చూడుర్రి."

ఆయన వంగి తడిమి చూశాడు. లేచాక ఆయన మొహంలో నవ్వు లేదు. "మూడు వారాలుగా చూస్తున్నారు కదండీ. తెలిసే ఊరుకున్నారా?"

"ఔ సార్, ఊకున్న."

"ఎందుకని?"

"నేను తుక్కుల అమ్మిన. మీరు ఏరుకొచ్చి గింత ప్రేమగ తోముతున్నరు. నాకు కడుపు మండింది."

పవన్‌కుమార్ ఎటు చూడాలో తెలియక వైరు చుట్టుకోసాగాడు. వామన్‌రావు చేతిలోని మొలను అటూ ఇటూ తిప్పాడు. తీసుకెళ్ళండి భూపాల్ గారూ, మీదే కదా, అంటాడేమోనని భూపాల్ ఎదురుచూశాడు. ఆయన అనలేదు. బొబ్బల చేతులకేసి ఒకసారి చూసుకుని, "నెంబరు ఎక్కడ రాసేవారు?" అని మాత్రం అడిగాడు.

"వెనక మడ్‌గార్డు మీద. తెల్ల రంగుతోని."

"నల్ల రంగు వేస్తాను, ఎండాక మీరే రాయండి."

భూపాల్ రాశాడు. అంకె కాదు, ఐదు గీతలు గీశాడు. చివరిది కొంచెం వంకరపోయింది. వామన్‌రావు దాన్ని సరిచేయమనలేదు. ఇదేం గుర్తని ఎవరైనా అడిగితే, "కింద భూపాల్ గారిని అడగండి" అంటాడు. వాళ్ళు వచ్చి అడిగినప్పుడు భూపాల్ మిషన్ ఆపి మరీ చెబుతాడు. చెబుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. వాళ్ళు వెళ్ళాక మళ్ళీ మామూలే.

వామన్‌రావు ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ సైకిల్ మీద ఆబిడ్స్ వెళ్ళి, ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు క్యారియర్‌కి కట్టుకుని వస్తాడు. అట్టలు ఊడినవి చంద్రిక కుట్టి ఇస్తుంది.

భూపాల్ మూసాపేట నుంచి మెట్రోలో వచ్చి వెళ్తాడు. అతనికి సైకిల్ లేదు.