నాన్న ఉప్పుకు మూత మీద గీత

మా చిన్నప్పుడు... నేను ఏడో తరగతిలో ఉన్న వేసవిలో, ఉద్దానం తోటల్లో జీడిపిక్కలు ఏరుతున్న రోజుల్లో, నాన్నకు కిడ్నీ జబ్బు మొదలైందని టెక్కలి డాక్టరు చెప్పారు. రోజంతటికీ ఐదు గ్రాముల ఉప్పు, అంతకు మించొద్దన్నారు.

మా ఇంట్లో గ్రాములు లేవు... బియ్యానికి తవ్వ, నూనెకు గిద్దె, ఉప్పుకు నాన్నమ్మ చెయ్యి. ఐదు గ్రాములంటే పిడికెడా, చిటికెడా అని ఆమె కనబడ్డవాళ్ళనల్లా అడిగింది. ఎవరూ తేల్చలేదు. భయపడి కొడుకు కూరలో ఉప్పే మానేసింది. నాన్న రెండు ముద్దలు తిని కంచం తోసేసేవాడు. ఉప్పు వేస్తే జబ్బు ముదురుతుంది, వెయ్యకపోతే మనిషి తినడు... ఆమెకు రెండు వైపులా భయమే.

చెంచాతో కొలుద్దామంటే ఇంట్లో ఉన్న చెంచాలు ఒక్కోటీ ఒక్కో సైజు. చివరికి అమ్మ కాస్త రాళ్లుప్పు పొట్లం కట్టి, దగ్గుమందు సీసా తెల్ల మూత పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పలాస బజారులో బంగారం పని చేసే ఆయన దగ్గరికి వెళ్ళింది.

"ఏటమ్మా, ఉప్పుతో ముక్కుపుడక సేయిత్తావేటి?" అన్నాడాయన.

సంగతి విన్నాక నవ్వు ఆపేశాడు. త్రాసు పళ్ళేలు పాడవకుండా రెండిట్లోనూ కాగితం ముక్కలు పరిచి తూచాడు. ఐదు గ్రాములూ మూతలో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ సూదితో గీత గీశాడు.

ఆ రోజు నుంచి గీత దాకా ఉప్పు... నాన్న రెండు పూటల కూరకూ అదే. చప్పగా ఉందంటూనే తినేవాడు.

వానలు మొదలయ్యాక రాళ్లుప్పు నీరుకారిపోయింది. అమ్మ దుకాణంలో ప్యాకెట్ ఉప్పు కొనుక్కొచ్చింది... మెత్తటి పొడి. అదే మూత, అదే గీత. ఆ మధ్యాహ్నం నాన్న మారు అడిగి తిన్నాడు. అమ్మ సంతోషపడింది. నాన్నమ్మ మాత్రం కొడుకు ముఖమే చూస్తూ కూర్చుంది.

"ఒలే కోడలా... ఆడికి కూర నచ్చినాదంటే ఉప్పెక్కువైపోనాదే. ఓపాలి తూయించుకుని రా."

గీత దాటలేదని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. మర్నాడు మళ్ళీ పలాస వెళ్ళాం. అదే గీత దాకా పోసి తూస్తే ఆరు గ్రాములు దాటింది. రాళ్ల మధ్య ఉండే సందులు పొడిలో ఉండవు కదా... మాకెవరికీ తట్టలేదు. ఆయన మొదటి గీత కింద ఇంకో గీత గీశాడు.

ఆ సాయంత్రం నాన్న మొదటి ముద్దకే తల ఎత్తాడు.

"ఇంకొక్క పూటన్నా కూర తిననిచ్చినావు కావే అమ్మా..."

"నువ్వుండాల గాని, కూరకేటిరా" అంది నాన్నమ్మ.

ఇప్పుడు మా వంటింట్లో డిజిటల్ కాటా ఉంది. గ్రాములో పదో వంతు కూడా చూపిస్తుంది. నాన్న ఉప్పు నేనే తూస్తున్నాను. కానీ ఆయన ముఖం చూసి, కూరలో ఉప్పు పెరిగిందని చెప్పే మనిషి లేదు...

గ్రాములు తెలియని రోజుల్లో మీ ఇళ్ళలో ఉప్పు ఎలా కొలిచేవారో రాయండి. వచ్చే మంగళవారం నాన్నకు మళ్ళీ రక్తపరీక్ష... టెక్కలి ఆస్పత్రి బెంచీ మీద కూర్చుని ఇద్దరం చదువుకుంటాం.